ఆరు ఆసుపత్రుల మత్తు డాక్టరు

అప్పారావుగారికి ఎవరు ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే జవాబు: "బయల్దేరానండీ." లుంగీ కట్టుకుని ఇంట్లో ఇడ్లీ తింటున్నా అదే, కైకలూరులో ఎవరి వెన్నులోనో సూది దించుతున్నా అదే. మనిషి అబద్ధాలకోరు కాదు. ఎదుటివాళ్ళకు కుదరదని చెప్పడానికి ఆయనకు నోరు రాదు, అంతే. మా వైపు చాలామందికి ఉన్న జబ్బే అది. ఆయనకు కాస్త ముదిరింది.

ఆయన మత్తు డాక్టరు. పెద్దాసుపత్రులకు సొంత మత్తు డాక్టర్లుంటారు. ఇరవై మంచాల చిన్నాసుపత్రికి నెల జీతమిచ్చి ఒకరిని కూర్చోబెట్టుకునే స్తోమత ఎక్కడిది? అందుకని ఏలూరులో రెండు, తాడేపల్లిగూడెంలో ఒకటి, కైకలూరులో ఒకటి, గణపవరంలో ఒకటి, ఆకివీడులో మాది, మొత్తం ఆరు ఆసుపత్రులు అప్పారావుగారిని పంచుకుని బతుకుతున్నాయి. సామానంతా కారు డిక్కీలో వేసుకుని ఆయన కొల్లేటి చుట్టూ తిరుగుతుంటారు. ఆ డిక్కీ తెరుచుకుంటేనే మా ఆరు చోట్లా ఆపరేషన్.

నా పేరు కెజియా. ఎలిజబెత్ మేడంగారి ఆసుపత్రిలో ఇన్సూరెన్సు డెస్కు నాది. డెస్కంటే పెద్దగా ఊహించుకోకండి. మందుల షాపుకీ మేడమెట్లకీ మధ్య ఒక బల్ల, ఒక కంప్యూటరు, కాగితం మింగి ఊరుకునే ప్రింటరు. మేడంగారు కాన్పుల డాక్టరు. కొల్లేటి లంకల్లో సగం పిల్లలు ఆవిడ చేతిమీదుగా భూమ్మీద పడ్డవాళ్ళే.

ఊరి చివర రొయ్యల ప్లాంటు ఉంది. షెడ్డులో ఆడవాళ్ళు వందల్లో నిలబడి రొయ్య తల తీస్తుంటారు. వాళ్ళందరికీ ప్లాంటు వాళ్ళు ఇన్సూరెన్సు కార్డులిచ్చారు. వేసవిలో ప్లాంటు వాళ్ళు పాత కంపెనీని వదిలి కొత్త కంపెనీకి మారారు. కొత్త కంపెనీ జాబితాలో మా ఆసుపత్రి లేదు. జాబితాకెక్కాలంటే రెండు పనులు కావాలి. ముందు మా డాక్టర్ల చదువులూ రిజిస్ట్రేషన్లూ వాళ్ళు పరీక్ష చేసి, వీళ్ళు నిజమైన డాక్టర్లే అని ఒప్పుకోవాలి. తరవాత ఏ ఆపరేషన్‌కి ఎంతిస్తారో రేటు కుదరాలి. భీమవరంలో బోలెడు ఆసుపత్రులున్నా ఆ రేట్లు చూసి ఒక్కళ్ళూ సంతకం పెట్టలేదు. ఏలూరులో పెద్దాసుపత్రులూ అంతే. కార్డు చెల్లే చోటు దగ్గర్లో అంటే ఏలూరులో రెండు చిన్నాసుపత్రులు, కాదంటే తాడేపల్లిగూడెంలో, అదే మా గూడెంలో, ఒకటి. ఏలూరు గంటన్నర దారి, రైలు గేటు పడితే ఇంకా ఎక్కువ.

అందుకని రెండు నెలలుగా నా ఉద్యోగమల్లా ఒకటే. కడుపు పట్టుకుని వచ్చిన ప్రతి మనిషికీ "కార్డు ఇక్కడ చెల్లదమ్మా, ఏలూరు వెళ్ళండి" అని చెప్పడం. చెప్పీ చెప్పీ నా గొంతంటే నాకే అసహ్యం పుట్టింది.

ప్లాంటు ఆడవాళ్ళు రావడం మానేశాక మా థియేటర్‌లో లైటు వెలగడమే తగ్గిపోయింది. సిస్టరుగారు భీమవరంలో ఉద్యోగం మాట్లాడుకున్నారని నాకు తెలుసు. మేడంగారు నాతో ఒక్కసారే అన్నారు, అదీ కళ్ళజోడు తుడుచుకుంటూ: "ఈసారి ఆ జాబితాకెక్కకపోతే థియేటర్ మూసేస్తాను కెజియా. జ్వరాలూ బీపీలూ చూసుకుంటాను."

ఆ 'ఈసారి' వచ్చిన ఉదయం అది. కంపెనీ మనిషి వస్తాడు. డాక్టర్లందరూ ఎదురుగా ఉండాలి, ముఖ్యంగా మత్తు డాక్టరు. అప్పారావుగారికి ఫోన్ చేశాను.

"బయల్దేరానండీ," అన్నారు.

వెనకాల థియేటర్ మిషన్ కూత వినబడుతోంది. నాకు ఒళ్ళు మండింది.

*

కంపెనీ మనిషి పేరు కార్తికేయ. ముప్పై దాటి ఉండవు. చేపల లారీల నీళ్ళు కారి మా మెయిన్ రోడ్డు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. మెరిసే బూట్లతో ఆ తడిలో ఆచితూచి అడుగేస్తూ లోపలికొచ్చాడు. "మాది గూడెమేనండీ, ఆఫీసు బెజవాడలో," అని చెప్పుకున్నాడు. టీ ఇస్తే తాకలేదు. కంపెనీ రూలట. మావాడే కదా అని ఒక్క క్షణం సంబరపడిన నా కళ్ళముందే ఆ టీ చల్లారిపోయింది.

పని తెలిసినవాడే, అది ఒప్పుకోవాలి. ఆక్సిజన్ చూశాడు, జనరేటర్ ఆన్ చేయించి చూశాడు, కత్తెరలు ఉడకబెట్టే మిషన్ మూత తీయించి చూశాడు. మేడంగారి సర్టిఫికెట్లు ఒక్కొక్కటీ ట్యాబులో ఉన్నవాటితో పోల్చుకున్నాడు. ఎక్కడా వంక దొరకలేదు.

"మత్తు డాక్టరుగారు ఎక్కడండీ?"

"బయల్దేరారండీ," అన్నాను. నా నోటికీ అదే వచ్చింది.

అతను తల ఊపి, మేడంగారి గదిలో కూర్చుని, ట్యాబును ఆవిడ వైపు తిప్పాడు. "మేడంగారూ, ఏమీ అనుకోకండి. ఈయన రిజిస్ట్రేషన్ నంబరు మా సిస్టంలో ఆరు ఆసుపత్రుల కింద కనబడుతోందండీ."

"ఉంటుంది. ఆరు చోట్లకీ వస్తారు," అన్నారు మేడంగారు.

"ఆరు చోట్లా 'పిలిచిన అరగంటలో వస్తాను' అని సంతకం పెట్టారండీ. ఏలూరులో ఉన్న మనిషి ఆకివీడుకి అరగంటలో ఎలా వస్తారు?"

ఎగిరి వస్తారు అనబోయి ఊరుకున్నాను. ఆయన సంతకం పెట్టిన ఉత్తరం నమూనా కంపెనీదే. 'అరగంట' అన్న మాట అందులో ముందే అచ్చయి ఉంది. ఎవరు చాపితే వారి కాగితం మీద, మొహం చిన్నబుచ్చడం ఇష్టంలేక, అప్పారావుగారు సంతకం పెట్టేశారు. ఏ ఆసుపత్రికా ఆసుపత్రి తన కాగితం ఒక్కటే చూసుకుని మురిసిపోయింది. ఆరూ ఒక్క చోట చేరతాయని ఎవరూ అనుకోలేదు.

"కొత్త రూలు ప్రకారం ఒక డాక్టరు మూడు ఆసుపత్రుల్లోనే ఉండాలండీ," అన్నాడు కార్తికేయ. "ఏలూరువి రెండూ, గూడెంలో సూర్యతేజగారిదీ ముందే ఒప్పుకున్నాం. మూడూ అయిపోయాయి. మీదీ, కైకలూరూ, గణపవరం ఆగిపోతాయి."

గుమ్మం దగ్గర నిలబడ్డ సిస్టరుగారు తల వంచుకుని వెళ్ళిపోయారు. భీమవరానికి ఫోన్ చేయడానికే వెళ్ళారని నాకు తెలుసు.

"ఒక దారుందండీ," అన్నాడు అతను, గొంతు తగ్గించి. "సొంత మత్తు డాక్టరు లేని ఆసుపత్రి అని మిమ్మల్ని సీ గ్రేడులో వేస్తాను. నేను సిఫార్సు రాస్తే ఒప్పుకుంటారు. రేట్లు మాత్రం సీ గ్రేడువే ఉంటాయి."

ట్యాబులో వేలితో ఇంకో పేజీ జరిపాడు. పెద్దాపరేషన్ కాన్పుకు గూడెం ఆసుపత్రికిచ్చే దానిలో సగానికి కాస్త పైన. అందులోనే మందులు, మంచం, మత్తు డాక్టరు ఫీజు, పుట్టిన బిడ్డ వైద్యం, అన్నీ. ఒక్కో కాన్పుకీ మేడంగారు తన చేతిది వేసుకోవాలి.

మా నాన్న కొల్లేటి అంచున చేపల చెరువు చేసేవాడు. ధర ఖాయం కాందే వల దిగనిచ్చేవాడు కాదు. మా దగ్గర పిల్లలకు కూడా తెలుసు ఆ సంగతి. వల లాగి, చేప గట్టుమీద పడ్డాక ధర మాట్లాడితే కొనేవాడు చెప్పిందే ధర. ఎండలో చేప ఆగదు కదా. ఈ పెద్దమనిషి పొద్దున్నుంచీ మా ఆక్సిజన్ చూసి, జనరేటర్ చూసి, మా ఆశంతా గట్టుమీదికి లాగాక ఇప్పుడు తీరిగ్గా ధర తీశాడు.

"ఇది ముందే చెప్పొచ్చు కదండీ," అన్నాను. "ఆరు అని మీకు నిన్నే తెలుసు."

"కెజియా," అన్నారు మేడంగారు. అంటే నోరు మూసుకోమని.

ఆవిడ చాలాసేపు ఆ అంకెల వైపు చూశారు. కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. తరవాత "పెన్ను ఇలా ఇవ్వండి" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఇంతకన్నా థియేటర్ మూసేయడమే మర్యాదగా ఉంటుందనిపించింది.

అప్పుడే బయట ప్లాంటు వ్యాను హారను వినబడింది.

*

వ్యానులోంచి దిగలేక దిగిన అమ్మాయి గీతాంజలి. పీలింగ్ షెడ్డులో పనిచేస్తుంది. కిందటి నెల వచ్చినప్పుడు కార్డు చెల్లదని చెప్పి పంపింది నేనే. నెలలు నిండినా షెడ్డుకు వెళుతూనే ఉన్నట్టుంది, కాళ్ళకు గమ్ బూట్లు కూడా తీయలేదు. పక్కనే తల్లి వీరరాఘవమ్మ.

"లోపలికొద్దండీ, లోపలికొద్దు," అంది తల్లి ఆయాసపడుతూ. "ఇక్కడ సెల్లదన్నారు గదా. ఓసారి సూసి టైముందో లేదో సెప్పండమ్మా సాలు. ఉంటే ఏలూరెల్లిపోతాం."

మేడంగారు అప్పటికే గుమ్మం దాటి వచ్చేశారు. అమ్మాయి చీర తడిసిపోయింది. ఆ తడి మామూలుగా లేదు, పచ్చగా ఉంది. ఉమ్మనీరు పచ్చబడిందంటే లోపల బిడ్డ ప్రాణం మీదికి వచ్చిందన్నమాట. వరండాలో బల్లమీదే పడుకోబెట్టి, చిన్న మిషన్ కడుపు మీద ఆనించారు. బిడ్డ గుండె చప్పుడు గుర్రం పరుగులా రావాలి. ఆగి ఆగి వస్తోంది.

"టైం లేదు. ఇక్కడే చేయాలి, ఇప్పుడే," అన్నారు.

"డబ్బులో అమ్మా?" అంది వీరరాఘవమ్మ.

"తరవాత చూద్దాం."

ఆ 'తరవాత' అన్న మాటకు ఆ ఇద్దరూ ఎంత భయపడ్డారో వాళ్ళ మొహాల్లో చూశాను. నొప్పి మధ్యలోనే గీతాంజలి మోచేతిమీద లేచింది. "వద్దమ్మా, ఏలూరెల్దాం. కార్డుంది గదా," అంది. తల్లి డ్రైవరుని కేకేసింది. అతను వ్యాను తిప్పాడు. పచ్చనీరు కారుతున్న మనిషిని గంటన్నర దారి తీసుకుపోతారట. తప్పు వాళ్ళది కాదు. రెండు నెలలుగా ఆ పాఠం చెప్పింది నేనే, బాగా వంటబట్టించుకున్నారు.

నేను పరుగెత్తి వ్యాను తలుపు తీసి, తాళంచెవి లాగి నా కోటు జేబులో వేసుకున్నాను. "ఇక ఏలూరు వెళ్ళాలంటే నడిచే వెళ్ళండి," అన్నాను డ్రైవరుతో. అతను నోరెళ్ళబెట్టాడు.

వెంటనే అప్పారావుగారికి ఫోన్ చేశాను.

"బయల్దేరానం..."

"అది కాదండీ! ఏ ఊళ్ళో ఉన్నారు?"

నేనలా అరుస్తానని ఆయన అనుకోలేదు. నెమ్మదిగా అన్నారు: "కైకలూరు దాటానండీ. గూడెం వెళ్తున్నాను. సూర్యతేజగారు పేషంటుని టేబులెక్కించి కూర్చున్నారండీ. మీ దగ్గరికి కూడా వద్దామనే..."

"మీరు గూడెం వెళ్ళేది మా గుమ్మం ముందు నుంచే కదండీ. ఇక్కడ పచ్చనీరండీ."

ఫోన్ కట్టయింది. ఎదుటివాళ్ళు పెట్టేదాకా ఫోన్ పెట్టని మనిషి, తనే కట్ చేశారు.

తరవాతి నిమిషాలు నాకు సరిగ్గా గుర్తులేవు. థియేటర్ లైటు వెలిగింది. సిస్టరుగారు భీమవరం సంగతి మరిచిపోయి చేతులు కడుక్కుంటున్నారు. నేను ఇన్సూరెన్సు డెస్కు వదిలేసి రోడ్డు మీద నిలబడ్డాను. ఐసు లారీలు, మేత బస్తాల ట్రాక్టర్లు, ఆటోలు, ఒక్కొక్కటీ కదిలితే గానీ ఇంకొకటి కదలదు. అప్పారావుగారి ఎర్ర కారు ఎక్కడా కనబడదు. లోపల మిషన్ చప్పుడు ఇంకా ఇంకా ఎడం అవుతున్నట్టు నాకు అనిపిస్తోంది. దేవా, ఒక్కసారి ఆయన చెప్పిన మాట నిజం చెయ్యి అని మొక్కుకున్నాను.

కారు వచ్చింది. అప్పారావుగారు ఎవరినీ పలకరించలేదు. డిక్కీ తెరిచి పెట్టె తీసుకుని, చెప్పులు గుమ్మంలోనే వదిలి, లోపలికి వెళ్ళిపోయారు. నమస్కారం పెట్టబోయిన కార్తికేయను పక్కకు తోసుకుంటూ వెళ్ళారు. ఆయన ఒక మనిషిని తోయడం నేను చూడడం అదే మొదలు.

థియేటర్ బయట ముగ్గురం మిగిలాం. వీరరాఘవమ్మ గోడకానుకుని కూర్చుంది. ఆవిడ సంచీ ఎవరో పట్టుకోమంటే కార్తికేయ పట్టుకుని నిలబడ్డాడు. అందులోంచి టిఫిను డబ్బా, ఒక పాత చీర బయటికి కనబడుతున్నాయి. సిస్టరుగారు తలుపు కొంచెం తీసి "గుప్పిట్లో కార్డు వదలడం లేదు కెజియా, సూది పెట్టడానికి ఇంకో చెయ్యి చూసుకున్నాం," అని చెప్పి మళ్ళీ మూసేశారు.

కార్తికేయ అడిగాడు. "వీళ్ళు నిజంగా ఏలూరు వెళ్ళిపోయేవారా అండీ?"

"మీ జాబితాలో ఉన్నది అదే కదండీ," అన్నాను.

లోపల్నుంచి మేడంగారి గొంతు, కత్తెర పళ్ళెంలో పడ్డ చప్పుడు. తరవాత ఏమీ లేదు. ఎంతసేపూ ఏమీ లేదు. ఏడుపు రావాల్సిన చోట ఏడుపు రాకపోతే ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళకు తెలుసు. వీరరాఘవమ్మకు తెలియదు, అయినా లేచి నిలబడింది. అప్పారావుగారు ఎవరినో బతిమాలుతున్నట్టు "రామ్మా, రామ్మా" అంటున్నారు లోపల.

అప్పుడు ఏడ్చింది. ముందు పిల్లికూనలా, ఆ తరవాత ఊరంతా వినబడేలా.

నేను ఆ సిమెంటు నేలమీద కూలబడి ఏడ్చాను. సిగ్గేమీ లేదు నాకు.

*

అప్పారావుగారు టోపీ తీసుకుంటూ బయటికొచ్చేసరికి ఆయన ఫోన్ మోగుతూనే ఉంది. గూడెం నుంచి. ఆయన దాన్ని జేబులోంచి తీసి, చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

కార్తికేయ సంచీ కింద పెట్టి ట్యాబు తీశాడు. అతని ఉద్యోగం అతనిది. గొంతు మాత్రం పొద్దుటంత గట్టిగా లేదు. ఆరు, మూడు, కొత్త రూలు, అంతా వివరంగా చెప్పాడు. "మీరు ఆకివీడు ఉంచుకోవాలంటే ముందు ఒప్పుకున్న మూడింట్లో ఒకటి వదులుకోవాలి సార్. ఏ మూడు ఉంచమంటారో చెప్పండి, ఇప్పుడే మార్చేస్తాను."

అప్పారావుగారు మేడంగారి వైపు చూశారు. నా వైపు చూశారు. తన కాళ్ళ వైపు చూసుకున్నారు. మాదే అంటారా? అంటే గూడెంలో సూర్యతేజగారి మొహం ఎలా చూస్తారు? మాది కాదంటే, ఇందాకటి థియేటర్ లైటే ఆఖరి లైటు.

"మూడు చోట్ల వద్దని నేనెలా చెప్పనండీ?" అన్నారు చివరికి. నిజంగానే అడుగుతున్నట్టు అన్నారు. "సూర్యతేజగారి పెళ్ళిలో నేను దగ్గరుండి వడ్డించాను. గణపవరం డాక్టరుగారు మా నాన్నగారికి ఆఖరిరోజుల్లో రోజూ వచ్చి చూశారు. ఏలూరువాళ్ళు నాకు మొదట పనిచ్చినవాళ్ళు. వీళ్ళలో ఎవరికి చెప్పనండీ?"

"ఎవరికో ఒకరికి చెప్పాలి కదా సార్."

"అయితే మీకే చెబుతానండీ," అన్నారు అప్పారావుగారు. "మిమ్మల్ని నేనెరగను. నా పేరు తీసేయండి."

"ఏ ఆసుపత్రి నుంచి సార్?"

"ఆరింటి నుంచీనండీ. ఏమీ అనుకోకండి."

ఆరూ పోతే మా ఒక్కరిదే ఏముంది, కొల్లేటి చుట్టూ చీకటే. ఆయన్ని పట్టుకుని కుదిపేయాలనిపించింది. ఈ మెతకమనిషి మర్యాదకు పోయి మమ్మల్నందరినీ ముంచేశాడు అనుకున్నాను.

కార్తికేయ మొహం చూశాక నా ఆలోచన మారింది. ఆ మొహంలో రంగు లేదు.

మేడంగారికి అది నాకన్నా ముందే అర్థమైంది. కుర్చీ లాక్కుని కూర్చున్నారు, చేతులకు ఇంకా సబ్బు వాసనే. "కార్తికేయగారూ, ఇప్పుడు మీ జాబితాలో ఆపరేషన్ చేయగల ఆసుపత్రి ఎక్కడుందండీ? ఏలూరులో రెండూ పోయాయి. గూడెం పోయింది. భీమవరం మొదటి నుంచీ లేదు. ప్లాంటు వాళ్ళతో మీరు రాసుకున్న ఒప్పందంలో దగ్గర్లో ఆపరేషన్ సదుపాయం ఉండాలని ఉంటుంది కదండీ?"

"సార్ ఆవేశంలో అన్నారండీ..."

"నాకు ఆవేశం రాదండీ," అన్నారు అప్పారావుగారు వినయంగా. అది నిజమే.

"ఇంకో సంగతి," అన్నారు మేడంగారు. "అదే మనిషి, అదే సూది. గూడెంలో గుచ్చితే ఒక రేటు, ఆకివీడులో గుచ్చితే ఇంకో రేటు. సీ గ్రేడు ఎవరండీ? ఆయనా, నేనా, ఇప్పుడు లోపల పడుకున్న అమ్మాయా?"

అతను లేచి పెరట్లోకి వెళ్ళి ఫోన్ పట్టుకున్నాడు. అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడుతుంటే ఆ మెరిసే బూట్లు బురదలో పడుతున్నాయి, చూసుకోవడం లేదు. అటునుంచి ఎవరో గట్టిగానే చీవాట్లు పెడుతున్నట్టుంది. "వాళ్ళు వ్యానెక్కబోయారు సార్, నేను చూశాను," అన్న మాట ఒక్కటి నా చెవిన పడింది.

తిరిగొచ్చి చెప్పాడు. కొల్లేటి చుట్టూ ఉన్న ఆరు ఆసుపత్రులూ ఒకే మత్తు డాక్టరుని పంచుకోవచ్చు, ప్రత్యేకమైన మినహాయింపు ఇస్తారు. సీ గ్రేడు ఉండదు. అప్పారావుగారు మాత్రం కొత్త ఉత్తరం మీద సంతకం పెట్టాలి.

"అందులో అరగంట అని రాయకండి," అన్నారు మేడంగారు. "పిలిచినప్పుడు తాను ఏ ఊళ్ళో ఉన్నదీ, ఎంతసేపట్లో రాగలిగేదీ ఉన్నది ఉన్నట్టు చెబుతారు అని రాయండి."

అప్పారావుగారి మొహం వాడిపోయింది. ఆరు ఆసుపత్రులు వదులుకోవడానికి కూడా ఆయన అంత బాధపడలేదు. అయినా తల ఊపారు.

రేటు దగ్గర కార్తికేయ మళ్ళీ బిగుసుకున్నాడు. గూడెం రేటే ఇప్పిస్తాను, అయితే ఒప్పందం వచ్చే నెల మొదటి తేదీ నుంచి మొదలవుతుందన్నాడు. ఈ రోజు నుంచే కావాలంటే కొత్త ఆసుపత్రి రేటు పడుతుంది. అది సీ గ్రేడు కన్నా ఎక్కువే గానీ గూడెం కన్నా తక్కువ, రెండేళ్ళు మార్చడానికి వీల్లేదు. "నేను చేయగలిగింది ఇంతేనండీ," అన్నాడు. అది నిజమేనని నాకూ అనిపించింది.

మేడంగారు ఆలోచించను కూడా లేదు. "ఈ రోజు తేదీ వేయండి. పొద్దుటి నుంచి."

నాకు ఒళ్ళు తెలియలేదు. ఆవిడను పక్కకు పిలిచి, "రెండేళ్ళండీ! ఒక్క రోజు కోసం రెండేళ్ళు తక్కువ రేటుకా? ఈ అమ్మాయి బిల్లు మనం వదిలేసినా ఇంతకన్నా లాభం కదండీ," అన్నాను.

"వదిలేస్తే వీళ్ళ వరకే. ఈ నెల్లో ఇంకో అమ్మాయి వస్తే?" అన్నారు. "తలుపు మూయకుండా ఉండడానికి ఆ రేటు చాలు కెజియా. వెళ్ళి ప్రింటు తియ్యి."

ప్రింటరు మొదటి కాగితం మింగింది. రెండోది ఇచ్చింది. సంతకాలయ్యాయి. కార్తికేయ పొద్దున చల్లారిన టీ అలాగే తీసుకుని ఒక్క గుక్కలో తాగేశాడు. వెళుతూ వెళుతూ వీరరాఘవమ్మ సంచీ ఆవిడ పక్కన జాగ్రత్తగా పెట్టి వెళ్ళాడు.

అప్పారావుగారి ఫోన్ మళ్ళీ మోగింది. సూర్యతేజగారు. ఆయన అలవాటుగా "బయ..." అని, మా మేడంగారి కళ్ళు చూసి ఆగిపోయారు. గుటక మింగి, "ఆకివీడులో ఉన్నానండీ. గంట పడుతుందండీ. క్షమించాలి," అన్నారు. ఆ ముక్క చెప్పేసరికి ఆయన నుదుటిమీద చెమట పట్టింది.

వ్యాను డ్రైవరు వచ్చి మొహమాటంగా తాళంచెవి అడిగాడు. ఇచ్చి గదిలోకి వెళ్ళాను.

గీతాంజలి నడుం కింద ఇంకా మత్తులోనే ఉంది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. బిడ్డను పక్కగదిలో ఆక్సిజన్ పెట్టి ఉంచారు, ఈ అమ్మాయి ఇంకా చూడలేదు. కుడిచేతి గుప్పిలి అలాగే బిగించి ఉంది. ప్లాస్టిక్ కార్డు అంచు గుచ్చుకుని అరచెయ్యి ఎర్రగా కందిపోయింది. నన్ను చూడగానే, నేనేం చెబుతానో తెలిసినట్టు, ఆ అమ్మాయి గుప్పిలి ఇంకా గట్టిగా బిగించింది.

పిల్లో పిల్లాడో అడుగుతుందనుకున్నాను. బతికుందా అని అడుగుతుందనుకున్నాను.

"కార్డు సెల్లదు కదండీ?" అంది.

రెండు నెలల్లో ఎంతమందికి చెప్పానో ఆ మాట. మంచం అంచున కూర్చుని ఆ వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాను.

"చెల్లుతుంది తల్లీ. పొద్దుటి నుంచి చెల్లుతుంది."

ఆ అమ్మాయి కాసేపు నా మొహంలోకి చూసింది, నిజమో కాదో తేల్చుకోవడానికి. తరవాత కార్డు నా చేతిలో వదిలేసింది.

"అయితే," అంది మెల్లిగా, "నాకు ఎవరు పుట్టారండీ?"